పట్టేసిన స్క్రూలు, పాత ఆర్ఎక్స్ 100: నా అనుభవం

మా బాబాయి యమహా ఆర్ఎక్స్ 100 బైకు చాలా ఏళ్లు భీమిలిలో, సముద్రానికి కూతవేటు దూరంలో, రేకుల షెడ్డు కింద కదలకుండా ఉండిపోయింది. బండి నా చేతికొచ్చాక చూస్తే, క్లచ్ లివర్ పూర్తిగా నొక్కి గేరు వేసినా ముందుకు దూకుతోంది. లోపల క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఏళ్ల తరబడి నిలబడిపోయిన బళ్లలో ఇది మామూలే. ప్లేట్లు విడదీయడం పెద్ద పనేమీ కాదు. కానీ వాటి దాకా వెళ్లాలంటే కుడివైపు క్లచ్ కవర్ ఊడదీయాలి. ఆ కవర్ చుట్టూ ఉన్న స్క్రూలే అసలు పని.

ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996 దాకా తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీని ఇంజన్ కవర్లన్నిటికీ మనం స్టార్ స్క్రూ అని పిలిచే ప్లస్ గుర్తు స్క్రూలే ఉండేవి, ఆరు మిల్లీమీటర్ల మరతో (మర అంటే స్క్రూ చుట్టూ ఉండే మెలిక గాట్లు). స్క్రూ ఉక్కు. అది దిగేది ఇంజన్ బాడీ అయిన అల్యూమినియం చాంబర్‌లోకి. పాత బండి స్క్రూల కష్టాలన్నీ ఈ రెండు లోహాల కాపురం దగ్గరే మొదలవుతాయి.

పని మొదలుపెట్టే ముందే ఒకటి గట్టిగా అనుకున్నాను. స్క్రూ పోతే పోనీ, చాంబర్‌కి మాత్రం దెబ్బ తగలకూడదు. స్క్రూ ఖరీదు కొద్ది రూపాయలు. చాంబర్ అలా కాదు. దాని మీదే ఇంజన్ నంబరు కొట్టి ఉంటుంది, ఆ నంబరే ఆర్సీలో ఉంటుంది. చాంబర్ మారిస్తే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మార్పించుకోవాలి. పైగా మారిస్తే అది బాబాయి బండి ఇంజన్ ఎలా అవుతుంది? ఆ తర్వాత ఏ సుత్తి ఎత్తినా, ఏ డ్రిల్లు పట్టుకున్నా ఈ లెక్క చూసుకునే చేశాను.

స్క్రూ రావడం లేదంటే అందులో రెండు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. ఒకటి తల జబ్బు. గాడి అరిగిపోయి డ్రైవర్ జారిపోతుంటుంది, లోపల మర మాత్రం బాగానే ఉండొచ్చు. రెండోది మర జబ్బు. తల చక్కగా ఉంటుంది, లోపల మర చాంబర్‌ని పట్టేసి ఉంటుంది. రెండూ కలిసి వచ్చినవే మొండివి. ఏది ఏ జబ్బో చూడకుండా అన్నిటికీ ఒకే వైద్యం చేస్తే, తల జబ్బు లేని స్క్రూకి కూడా తల జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. అందుకే ముందు కవర్ శుభ్రంగా కడిగి, స్క్రూలన్నిటినీ టార్చిలైటు వెలుగులో ఒక్కొక్కటిగా చూశాను.

భీమిలి గాలి ప్రతాపం అక్కడ కనిపించింది. స్క్రూ తలల చుట్టూ తెల్లటి పొడి. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది. ఈ తెల్లది అల్యూమినియం తినబడగా వచ్చింది. ఉప్పు తేమ తగిలినచోట ఉక్కూ అల్యూమినియం ఆనుకుని ఉంటే, ఆ రెండూ కలిసి చిన్న బ్యాటరీ సెల్లులా పనిచేస్తాయి. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. కరిగి ఏర్పడిన ఆ తెల్ల పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. మర సందుల్లో ఆ చోటు లేదు. దాంతో స్క్రూని నలువైపులా నొక్కి బిగించేస్తుంది. ఎవరూ గట్టిగా తిప్పకుండానే స్క్రూ బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

తలల సంగతి వేరు. ఈ బండి తలలు చాలావరకు ఎప్పుడో, ఎవరి చేతుల్లోనో చెడిపోయినవి. ఎందుకు చెడిపోతాయో తెలిస్తే మిగిలిన తలలు కాపాడుకోవచ్చు. పైకి ఒకేలా కనిపించే ప్లస్ గుర్తు స్క్రూలు నిజానికి ఒకే రకం కావు. అమెరికాలో 1930లలో వచ్చిన ఫిలిప్స్ ఒకటి. జపాన్ వాళ్ల జేఐఎస్ ప్రమాణం ఇంకొకటి. యమహా లాంటి జపాన్ డిజైన్ బళ్లకు వేసింది ఈ రెండోదే. తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటే జపాన్ రకం అనుకోవచ్చు, కాకపోతే అన్నిటి మీదా ఆ చుక్క ఉండదు. ఫిలిప్స్ డ్రైవర్ రెక్కలు కలిసే మూలల దగ్గర కాస్త గుండ్రంగా ఉంటుంది. జపాన్ స్క్రూ గాడి మూలలు పదునుగా ఉంటాయి. అందుకే ఆ డ్రైవర్ అడుగు దాకా దిగదు. పైపైన పట్టుకుని, బలం పెట్టగానే గాడిలోంచి పైకి ఎక్కేస్తుంది. ఎక్కిన ప్రతిసారీ గాడి అంచుని కొంత చెక్కుకుపోతుంది.

దీనికంటే పెద్ద కారణం సైజు. ఇళ్లలోనూ టూల్ బాక్సుల్లోనూ ఎక్కువగా కనిపించే స్టార్ డ్రైవర్ 2వ నంబరుది. ఆరు మిల్లీమీటర్ల మర ఉన్న ఇంజన్ స్క్రూకి కావలసింది 3వ నంబరు. 2వ నంబరు డ్రైవర్ అందులో దిగుతుంది, తిరుగుతుంది కూడా. స్క్రూ వదులుగా ఉన్నంతకాలం తేడా తెలియదు. పట్టేసిన రోజున గాడి అంచులు నున్నగా అయిపోతాయి. పాత జపాన్ బండి ఉన్నవాళ్లు మిగతా సామాను తర్వాత కొనుక్కున్నా పరవాలేదు కానీ, జేఐఎస్ 3వ నంబరు బిట్, అంటే డ్రైవర్ మొన, మంచిదొకటి ముందు కొనుక్కోవాలి. నేను జపాన్ తయారీది ఆన్‌లైన్‌లో తెప్పించాను. గాడిలో పెడితే ఊగకుండా నిలబడింది. అదే సరైన బిట్‌కి గుర్తు.

బిట్ పెట్టే ముందు గాడి ఖాళీ చేయాలి. ఏళ్ల నాటి మట్టి, ఆయిల్ జిడ్డు, ఎవరో వేసిన సిల్వర్ పెయింటు గాడి అడుగున గట్టిపడి ఉంటాయి. పాత పిన్నీసు మొన, టూత్ బ్రష్, కొంచెం పెట్రోలు చాలు. విసుగు పుట్టించే పనే. కానీ అడుగున ఒక మిల్లీమీటరు మట్టి ఉంటే బిట్ ఒక మిల్లీమీటరు పైన ఆగిపోయినట్టే, అంత పట్టు పోయినట్టే.

ఆ తర్వాత నూనె. మన మెకానిక్‌లు డీజిల్ పోస్తారు, కిరోసిన్ పోస్తారు, ఇప్పుడు స్ప్రేలూ వచ్చాయి. అన్నీ వాడి చూశాక నాకు తెలిసిందేంటంటే, ఏ నూనె అన్నదానికంటే అది మర దాకా చేరుతుందా అన్నదే ముఖ్యం. క్లచ్ కవర్ స్క్రూ రంధ్రం చాంబర్‌లో అవతలి వైపుకి తెరుచుకుని ఉండదు. నూనె తల కింద సందులోంచే పోవాలి, కవర్ మందం దాటాలి, కవర్‌కీ చాంబర్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్ దాటాలి, అప్పుడు గాని మర రాదు. అందుకే బండిని ఎడమ వైపుకి వాల్చి, తలలు పైకి చూసేలా గోడకి ఆనించి, ప్రతి తల చుట్టూ కొద్దికొద్దిగా వేసి, చిన్న సుత్తితో తల మీద మెల్లగా తట్టాను. తట్టినప్పుడు తెల్ల పొడి పగుళ్లిస్తుంది, నూనెకి దారి దొరుకుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్లీ అదే. తొందరలేని పని కాబట్టి కొన్ని రోజులు ఇలాగే నడిపించాను.

ఇక ఇంపాక్ట్ డ్రైవర్. కరెంటుదో బ్యాటరీదో కాదు, చేత్తో పట్టుకుని వెనక సుత్తితో కొట్టేది. బరువైన ఉక్కు గొట్టం, లోపల ఏటవాలు గాడులు. సుత్తి దెబ్బ పడగానే బిట్ ముందుకి గుచ్చుకుంటుంది, అదే క్షణంలో కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. చెయ్యి బలంతో తిప్పినప్పుడు బిట్ పైకి లేవాలని చూస్తుంది. ఇక్కడ లేచే వీలే లేదు, తిప్పే బలమే దాన్ని లోపలికి తోస్తోంది. పైగా ఆ అదురుకి మరలోని పొడి పట్టు వదులుతుంది. పాత బండి స్క్రూలకి ఇంతకంటే మేలు చేసిన పనిముట్టు నేను చూడలేదు.

వాడే ముందు అది ఏ వైపుకి తిరుగుతోందో చేతిలోనే చూసుకోవాలి. బిగించే వైపుకి పెట్టి ఉంటే ఒక్క దెబ్బతో తల తెగిపోవచ్చు. గొట్టాన్ని ఎడమవైపుకి, అంటే ఊడే వైపుకి గట్టిగా మెలిపెట్టి పట్టుకునే కొట్టాలి. వదులుగా పట్టుకుని కొడితే ఆ తిప్పుడు చేతిలోనే పోతుంది. సుత్తి కేజీ బరువుది, దెబ్బ నిటారుగా, ఒక్కటే, గట్టిది. పది చిన్న దెబ్బలు గాడిని పాడుచేస్తాయి, పని చేయవు. బండి మెయిన్ స్టాండ్ మీద ఉంటే దెబ్బకి పక్కకి ఒరుగుతుంది. మా తమ్ముడు అటువైపు నిలబడి సీటూ హ్యాండిలూ పట్టుకున్నాడు. కిక్ రాడ్డు ముందే తీసేశాను, కుడి ఫుట్‌రెస్టూ అడ్డం లేకుండా చేశాను, గేర్ ఆయిల్ దింపేశాను. కళ్లద్దాలు పెట్టుకున్నాను. బిట్ మొన విరిగి ఎగిరితే కంటికే తగులుతుంది.

తల బాగున్న స్క్రూలు ఒక్కొక్కటిగా "టక్" మని వదిలాయి. ఆ చప్పుడు పొడి దెబ్బ చప్పుడులా ఉండదు, చేతికి వేరుగా తెలుస్తుంది. వదిలాక కూడా ఒకేసారి బయటికి లాగలేదు. పావు చుట్టు ఊడదీసి, కొంచెం వెనక్కి బిగించి, నూనె వేసి, మళ్లీ ఊడదీస్తూ తెచ్చాను. మరలో ఉన్న పొడిని అలా బయటికి తోస్తూ రాకపోతే అది మధ్యలో మళ్లీ పట్టేస్తుంది, అల్యూమినియం మరని కోసుకుంటూ వస్తుంది. తీసిన ప్రతి స్క్రూనీ ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి దాని చోట్లోనే గుచ్చాను. ఈ కవర్ స్క్రూల పొడవులు అన్నీ ఒకటి కావు. పొట్టిది ఉండాల్సినచోట పొడవుది పెడితే రంధ్రం అడుగు తగిలి చాంబర్ పగులుతుంది.

గాడి సగం అరిగిన వాటికి ఇంకో పని చేశాను. చదునైన పంచ్ పెట్టి తల మీద నాలుగు దెబ్బలు వేస్తే చెదిరిన లోహం గాడి వైపుకి మళ్లీ ఒరుగుతుంది. ఆ మీద బిట్ పెట్టి సుత్తితో దిగేసేలా కొడితే కొత్త అంచు ఏర్పడుతుంది. బిట్ కొనకి వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ చిటికెడు రాశాను. అందులోని గరుకు పొడి జారనివ్వదు. ఇదొక్కటే సరిపోయిన స్క్రూలూ ఉన్నాయి.

మిగిలినవాటికి వేడి. ముందు పెట్రోల్ ట్యాంకు తీసి ఇంట్లోంచి దూరంగా పెట్టాను, కార్బరేటర్ కూడా విప్పేశాను, స్ప్రే చేసిన నూనె పూర్తిగా తుడిచాను. క్లోరిన్ ఉన్న క్లీనర్లతో కడిగిన భాగాన్ని అసలు వేడి చేయకూడదు, విషవాయువు పుడుతుంది. మంట వాడలేదు, హాట్ ఎయిర్ గన్ వాడాను. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది, కంటితో చూసి ఆపుదామంటే కుదరదు. పక్కనే ఉన్న కిక్ షాఫ్ట్ ఆయిల్ సీల్ రబ్బరుది, దాని మీద తడిబట్ట కప్పాను. నీటి చుక్క వేస్తే చుర్రుమని ఆవిరయ్యేంత వేడి దగ్గర ఆగాను.

వేడి ఎందుకు పనిచేస్తుందో లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. డిగ్రీకి అల్యూమినియం పది లక్షల్లో 23 వంతులు పెరుగుతుంది, ఉక్కు దాదాపు 12 వంతులే. వంద డిగ్రీలు పెంచితే ఆరు మిల్లీమీటర్ల రంధ్రం స్క్రూ కంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఏడు ఎక్కువ తెరుచుకుంటుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, పొడి పట్టు వదలడానికి మాత్రం అది చాలు. వేడిగా ఉండగానే తల దగ్గర కొవ్వొత్తి ముక్క ఆనిస్తే కరిగిన మైనం సందులోకి లాక్కుపోతుంది. నూనె వెళ్లని చోటికి కూడా అది వెళ్లింది. ఆ వెంటనే ఇంపాక్ట్ దెబ్బ. చల్లారాక కొడితే వేడి చేసినదంతా వృథా.

ఇన్ని చేశాక కూడా కిక్ షాఫ్ట్ కింద, మట్టీ నీళ్లూ నిలిచే మూలన ఉన్నవి కదల్లేదు. వాటి తలలు గిన్నెల్లా నున్నగా ఉన్నాయి. వాటి ఫోటోలు తీసుకుని గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. పాత బజాజ్ స్కూటర్ల కాలం నుంచి ఇదే పనిలో ఉన్న మనిషి. చూసి, "తల తీసేయండి బాబూ. తలకీ మరకీ సంబంధం తెగితే మర దానంతటదే మాట వింటాది" అన్నారు.

ఆ మాటలో పూర్తి ఇంజనీరింగ్ ఉంది. బిగించిన స్క్రూ నిజానికి కొంచెం సాగి ఉంటుంది. ఆ సాగిన బలంతో తల కవర్‌ని నొక్కుతుంది, మర చాంబర్‌ని లాగుతుంది. ఊడదీయడానికి కావలసిన బలంలో పెద్ద భాగం తల కింది రాపిడికే పోతుంది. తల లేకపోతే సాగుదల వదిలిపోతుంది, తల కింద రాపిడి పోతుంది. అప్పుడు మిగిలేది మర పట్టు ఒక్కటే. ఇంకో లాభం, కవర్ పైకి వచ్చేస్తుంది. కవర్ మందమంత స్క్రూ కాడ బయటికి నిలబడి ఉంటుంది, పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది.

గాడి అడుగే మధ్య చుక్కగా పనికొస్తుంది, అయినా సెంటర్ పంచ్‌తో సరిచేసుకున్నాను. మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో మొదలుపెట్టి ఆరు దాకా వెళ్లాను. వేగం తక్కువ, నిటారుగా, మధ్యమధ్య నూనె చుక్క. కవర్‌కి తగలకముందే తల ఉంగరంలా ఊడి డ్రిల్లు మీదికి వచ్చేస్తుంది. అక్కడితో ఆపేయాలి. అలా తలలన్నీ పోయాక ప్లాస్టిక్ సుత్తితో కవర్ చుట్టూ తట్టి తీశాను. సందులో స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తితే ప్యాకింగ్ కూర్చునే ముఖానికి గాటు పడుతుంది, ఆ గాటులోంచి జీవితాంతం ఆయిల్ కారుతుంది.

నిలబడ్డ కాడల్ని కాస్త వేడి చేసి, గ్రిప్ ప్లయర్‌తో పట్టి, అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ తిప్పితే వచ్చేశాయి. ఒకటైతే వేళ్లతో తిరిగింది. అంత బిగుసుకుందనుకున్నది తల కింద పట్టే, మర కాదు.

ఒకే ఒక్కటి ఊపుతుండగా చాంబర్ ముఖం సమానంగా తెగింది. లోపలి భాగం తుప్పు తిని సన్నబడి ఉంది. దానికి ఎక్స్‌ట్రాక్టర్ వాడదామా అని మేస్త్రి గారిని అడిగితే చెయ్యి అడ్డం ఊపారు. ఎక్స్‌ట్రాక్టర్ అంటే తెగిన ముక్కలో రంధ్రం చేసి, అందులో దింపి తిప్పి తీసే పనిముట్టు. అది చాలా గట్టి ఉక్కు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. పైగా ఏటవాలుగా దిగి తెగిన ముక్కని వెడల్పు చేస్తుంది, అంటే పట్టేసిన మరని ఇంకా బిగిస్తుంది. వదులుగా ఉండి తెగిన స్క్రూకి అది మంచిది, తుప్పుతో పట్టేసినదానికి కాదు. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

బండిని టాటా ఏస్‌లో ఆటోనగర్ తీసుకెళ్లాం. బ్యాటరీ వైర్లు, ఇగ్నిషన్ వైర్లు విప్పించాను. క్లచ్ ఉన్న చోటంతా ఆయిల్ తుడిచి తడిబట్టతో మూశాం. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు చాంబర్‌కే, స్క్రూకి దగ్గరగా పెట్టించాను. దూరంగా ఫ్రేముకి పెడితే కరెంటు క్రాంక్ బేరింగుల గుండా పోయే ప్రమాదం ఉంది. తెగిన ముక్క మీద ముందు చిన్న చుక్క వెల్డింగ్ పోసి, దాని మీద నట్టు పెట్టి, నట్టు లోపల నింపారు. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు, అందుకే చాంబర్ భయం తక్కువ. ఆ వేడే ముక్క చుట్టూ పట్టు వదిలిస్తుంది. ఎర్రదనం పోయేదాకా ఆగి, స్పానర్ వేసి మెల్లగా ఊపితే, పూర్తి మరతో బయటికి వచ్చింది. ఆయన మొహంలో పెద్దగా మార్పేమీ లేదు. నాకు మాత్రం పండగే.

ఇదే పనిలో ఇంకో సంగతి. క్లచ్ లివర్ హోల్డర్‌లో చిన్న బోల్టు తెగి ఉండిపోయింది. హోల్డర్ అల్యూమినియం, బండి నుంచి విడిగా వచ్చే భాగం. దానికి పటిక వైద్యం చేశాను. గడియారాలు బాగుచేసేవాళ్లు ఇత్తడి ప్లేట్లలో విరిగిన ఉక్కు స్క్రూల్ని వేడి పటిక నీళ్లలో కరిగించి తీస్తారు. అల్యూమినియాన్నీ అది పెద్దగా తినదు. బోల్టు మధ్యలో సన్నటి రంధ్రం చేసి, స్టీలు కాని గిన్నెలో పటిక నీళ్లు మరగకుండా వేడిగా ఉంచి, అందులో వేశాను. సన్నటి బుడగలు వస్తూ ఉక్కు నల్లగా మారి కరిగిపోతుంది. చాలాసేపు పడుతుంది, నీళ్లు తగ్గితే పోస్తుండాలి, గాలి ఆడేచోట చేయాలి. జింక్ కలిసిన పోత వస్తువులకి ఇది పనికిరాదు, వస్తువునే తినేస్తుంది. కాబట్టి కార్బరేటర్ లాంటివి పటికలో వేయకండి.

రంధ్రాలన్నిటిలో ఆరు మిల్లీమీటర్ల, ఒక మిల్లీమీటరు పిచ్ (మర గాట్ల మధ్య దూరం) ఉన్న, మర కోసే ట్యాప్‌ని చేత్తోనే తిప్పి పొడి తీశాను. ట్యాప్ గట్టిపడినచోట బలం పెట్టలేదు, వెనక్కి తిప్పి శుభ్రం చేసి మళ్లీ దింపాను. ఒక రంధ్రంలో మర సగం పోయి ఉంది. పాత పద్ధతి ప్రకారం పెద్ద రంధ్రం చేసి బుష్ అనే లోహపు గొట్టం కొడతారు. చాంబర్ అంచు పలచగా ఉన్నచోట అది నాకు ఇష్టం లేకపోయింది. హెలికాయిల్ వేయించాను. స్టీలు తీగ చుట్ట అది, రంధ్రం ఎక్కువ పెంచనక్కర్లేదు. కొత్త మర పాతదానికంటే గట్టిగా ఉంటుంది.

తిరిగి బిగించేటప్పుడు అందరూ చేసినట్టే, తలలో ఆరు పలకల గుంత ఉండే ఎలెన్ స్క్రూలకి మారాను. పాత రూపం కావాలనుకునేవాళ్లు స్టార్ స్క్రూలే వేసుకోవచ్చు, 3వ నంబరు బిట్ దగ్గరుంటే చాలు. స్టెయిన్‌లెస్ మెరుపు చూసి చాలామంది అవే కొంటారు. స్క్రూకి తుప్పు పట్టదు, నిజమే, కానీ సముద్రం పక్కన అల్యూమినియాన్ని తినే పని అదీ చేస్తుంది. నేను జింకు పూత ఉన్నవి తీసుకుని, మరకి అది పట్టేయకుండా చూసే యాంటీ సీజ్ పేస్ట్ పలచగా రాశాను. తల గుంతల్లో గ్రీజు నింపాను, నీళ్లు నిలవకుండా. కవర్‌ని సరైన చోట కూర్చోబెట్టే డోవల్ పిన్నులు, కొత్త ప్యాకింగ్ చోట్లో ఉన్నాయో లేదో చూసి, అన్నీ వేళ్లతో దింపి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను. ఈ సైజు స్క్రూకి బిగింపు బలం మామూలుగా 10 న్యూటన్ మీటర్లు అంటారు. పాత అల్యూమినియం, పైగా మరకి పేస్ట్ ఉంది కాబట్టి నేను 8 దగ్గరే ఆపాను. ఆ బలం కొలిచే టార్క్ రెంచ్ లేకపోతే ఎలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని బిగించండి. పొడవు వైపుకి పైపు తగిలించడం వద్దు.

క్లచ్ ప్లేట్లు విడదీసి, రుద్ది, కొత్త ఆయిల్ పోశాక గేరు మెత్తగా పడుతోంది. ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ ఇంకా మిగిలి ఉంది. దాని స్క్రూల చుట్టూ నూనె పెట్టి వాల్చి ఉంచాను. లోపల కాయిల్సూ వైర్లూ ఉన్నాయి కాబట్టి అటువైపు వేడి వాడను. ఇంపాక్ట్‌కి రానివాటికి నేరుగా తలలు తీసేస్తాను.